కోడి కూసినప్పుడల్లా

మాయమ్మకు చదువు రాదు. వేలిముద్ర మనిషి. ఎక్కడన్నా ముద్ర వేసి వచ్చినప్పుడల్లా బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ, "నువ్వు చదువుకుంటున్నావుగా, ఇంక నాకెందుకులే" అనేది. అయినా బైబిలు ఆమెకు వచ్చినంత నాకు రాదు. నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆమె కోడికూతలో చదువుకుంది. తుమ్మకంపలో, మిరప కళ్లంలో, తొలకరి వానలో చదువుకుంది. 2023 డిసెంబరులో ఆమె చనిపోయింది. ఆమె చెప్పిన పాఠాలు రాసి పెట్టుకుందామనే ఇది మొదలుపెట్టాను. కానీ పాఠాలు మాత్రమే రాసి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మకు దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఊరి పేరు రాయను. నా పేరూ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది. ఊరికి దక్షిణంగా మాదిగపల్లె. పల్లె మొదట్లో పెంకుల గుడి. చర్చిని మేం గుడి అనే అంటాం. మాలపల్లెకు వేరే గుడి ఉంది. వాళ్లు మా గుడికి రారు, మేం వాళ్ల గుడికి పోం. ఏసయ్య ఒక్కడే, గుళ్లు రెండు. ఈ సంగతి కూడా ముందే చెప్పటం మంచిది.

తెల్లవారుజామున కోడి కూస్తే పల్లెలో ఆడవాళ్లంతా లేచి కసువులు చిమ్మేవాళ్లు. మాయమ్మ మాత్రం లేచి మంచం మీదే కాసేపు కదలకుండా కూర్చునేది. చిన్నప్పుడు నాకు మెలకువ వచ్చి "ఏందమ్మా?" అంటే, "ఏంలేదురా, పేతురు ఏడుస్తున్నాడు" అనేది. పేతురంటే మా పల్లెలోనే రాత్రి తాగొచ్చి తెల్లారి ఏడ్చే మనిషి ఎవరో ఉన్నాడనుకునేవాణ్ణి. తర్వాత ఒకనాడు ఆ కథ చెప్పింది. అది చలికాలం. పొయ్యి ముందర చేతులు కాచుకుంటున్నాం. "ఇట్నేరా, చలిమంట కాడ కూసోనుండాడు పేతురు. ఏసయ్యను లోపల కొడతన్నారు. పనిపిల్ల వచ్చి నువ్వు ఆయన మనిషివేగా అంది. కాదన్నాడు. మళ్లా అడిగారు. కాదన్నాడు. మూడోసారీ కాదన్నాడు. అప్పుడు కోడి కూసింది."

"పిరికోడా అమ్మా?" అన్నాను.

"భయమయిందిరా పాపం. ఒక్కడే ఉండె. కోడి నువ్వు తప్పు చేశావని చెప్పలా. తెల్లారిందని చెప్పింది. ఆయనకే ఏడుపొచ్చింది."

ఆదివారం బడిలో ఈ కథను అబద్ధమాడరాదు అనే నీతితో ముగించేవాళ్లు. మాయమ్మ దాన్ని అట్లా ముగించేది కాదు. ఆమె చెప్పినవన్నీ అంతే. గుడిలో విన్న మాటే, కానీ ఆమె చేతిలో పడ్డాక ఇంకో పక్కకు తిరిగేది.

తుమ్మకంప సంగతి చూడండి. వేసవిలో రైతులు చేలకు కంప కట్టించేవాళ్లు. కంప కొట్టేది, మోసేది, కట్టేది మావాళ్లే. మాయమ్మ కాళ్లలో విరిగిన ముళ్లు ఎన్నో లెక్కలేదు. రాత్రి బుడ్డిదీపం దగ్గర కాలు నా ఒళ్లో పెట్టి పిన్నీసుతో ముల్లు తీయించుకునేది. నేను గుచ్చితే పళ్లు బిగబట్టి ఏసయ్య ముళ్లకిరీటం సంగతి మాట్లాడేది. గుడిలో పాస్టరయ్య "మన పాపాలే ఆ ముళ్లు" అని చెప్పేవాడు. మాయమ్మ ఆ మాట ఒప్పుకోలేదు. "ఆ కంప కొట్టినోడు ఎవడో కూలోడే అయ్యుంటాడురా. వాడి చేతులకూ దిగుంటయ్యి. నెత్తిన పెట్టమన్నోడికి మాత్రం ఒక్క ముల్లు కూడా దిగుండదు" అంది. నాకప్పుడు పదేళ్లు. ఆ తర్వాత కులం గురించి, వర్గం గురించి చాలా పుస్తకాలు చదివాను. ఆ మాటను కొట్టేసే పుస్తకం నాకింతవరకు కనపడలేదు.

మాఘం దాటాక మిరప కోతలు. చేలు, కళ్లాలు అంతా ఎరుపే. ఆ ఘాటుకు తుమ్ములు, దగ్గులు. చేతులు మండుతుంటే రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని కూర్చునేవాళ్లు ఆడవాళ్లు. కాయ ఎండిన తర్వాత తాలు ఏరాలి. తెల్లగా పాలిపోయిన కాయ తాలు. ఎర్రకాయ గుంటూరు యార్డుకు పోయేది. తాలులో కొంత కూలివాళ్ల కొంగుల్లో పడేది. మా ఇంట్లో ఏడాది పొడుగునా పచ్చడీ కూరా తాలుకాయలతోనే. ఒక ఆదివారం పాస్టరయ్య మంచి గింజల్నీ పొట్టునీ వేరు చేసే చేట గురించి ప్రసంగం చేశాడు. దేవుడు తాలును తీసి మంటలో వేస్తాడు అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు మాయమ్మ ఏమీ మాట్లాడలేదు. అన్నం పెడుతూ అంది: "ఆయన తాలు పారేస్తాడంట. మరి మనం తినేది ఏందంట? తాలు ఎందుకు తాలయ్యిందో చేనునడగాలి గానీ కాయనడిగితే ఏం చెప్పిద్ది? నీళ్లందని మూల కాయ తాలే అయ్యిద్ది."

ఇక తొలకరి. మృగశిర పోయి ఆరుద్ర కార్తె వచ్చేసరికి ఒక మంచి వాన పడితే, తెల్లారేసరికి చేలగట్ల మీద ఎర్రగా, మెత్తగా ఆరుద్ర పురుగులు. పిల్లలం అగ్గిపెట్టెల్లో పట్టుకొచ్చేవాళ్లం. మాయమ్మ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఏడాదంతా యాడుందిరా ఇది? మట్టిలోనేగా? చచ్చిందనుకున్నాంగా?" అనేది. ఈస్టరు పండగ మాకు ఎండాకాలం మొదట్లో వస్తుంది. తెల్లవారకముందే సమాధుల దగ్గరికి పోయి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతాం. కానీ మాయమ్మ లెక్కలో అసలు ఈస్టరు ఆరుద్ర పురుగు వచ్చిన రోజే. "ముందుది గుడోళ్ల ఈస్టరు. ఇది మట్టి ఈస్టరు" అని నవ్వేది.

ఇప్పుడు నేను బడిలో సైన్సు కూడా చెబుతాను. ఆరుద్ర పురుగు నిజానికి పురుగు కాదని, సాలీళ్ల జాతికి దగ్గరదని, ఎనిమిది కాళ్లుంటాయని, ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి తొలి వానలకు బయటికి వస్తుందని పిల్లలకు చెబుతాను. చెప్పేటప్పుడు మాయమ్మ అరచెయ్యే కనపడుతుంది. ఆ మాట మాత్రం పిల్లలకు చెప్పను.

2005లో ఒంగోలులో డిగ్రీలో చేరాను. మా ఇంటి పేరున డిగ్రీ గడప తొక్కింది నేనే మొదట. మా నాయన నా పదో తరగతిలోనే, 2003లో చనిపోయాడు. మాయమ్మ మిరప కోతలతో, పొగాకు పనులతో నన్ను చదివించింది. హాస్టల్లో ఉండగా దళిత విద్యార్థి సంఘంలో తిరిగాను. అంబేడ్కర్ "కులనిర్మూలన" చదివాను. కారంచేడు గురించి విన్నాను. 1985 జులై 17 నాటికి నేనింకా పుట్టలేదు. కానీ మా జిల్లాలో పుట్టిన మాదిగపిల్లాడికి ఆ రోజు తెలియకుండా పోదు. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బాల్చీలు కడుగుతుంటే, ఇవి మేం తాగే నీళ్లు అని అడ్డం చెప్పిన మాదిగ స్త్రీ మున్నంగి సువార్త. మరునాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు నడిచారు.

సెలవులకు ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాను. మాయమ్మకు అంతకుముందే తెలుసు. ఆ వారం పల్లెలో ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదంట. నేను అప్పుడు మంచి ఊపులో ఉన్నాను. "చూశావా అమ్మా, నీ ఏసయ్య ఏం చేశాడు?" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "బావి కాడ ఏసయ్య అంటరాని ఆడమనిషిని మంచినీళ్లడిగాడు. ఆమె చేతి నీళ్లు తాగుతానన్నాడు. మనూళ్లో ఇంతవరకు మనల్ని నీళ్లడిగినోడు ఎవడన్నా ఉన్నాడా? కారంచేడులో నోరు తెరిచినామె పేరేందన్నావు? సువార్త. ఇంకా వేరే సువార్త ఏందిరా?" అంది.

అయినా నేను ఊరుకోలేదు. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చినట్టు కష్టాలూ పోతాయి, ఓర్చుకోండి అని పాస్టరయ్య ప్రతి ఏడూ చెప్పే ప్రసంగం ఎత్తుకున్నాను. "కార్తెలు వాటంతటవే తిరుగుతయ్యి అమ్మా. కులం అట్లా తిరగదు. ఇరవై ఏడు కార్తెలూ తిరిగినా మనం ఈ దక్షిణాన్నే ఉంటాం" అన్నాను. మాయమ్మ చాట పక్కన పెట్టి, "వాన దానంతటదే వచ్చిద్దిరా. చేను దానంతటదే పండిద్దా? దున్నేది ఎవరు? నేను నిన్ను చదివించింది ఎందుకు?" అంది. ఆమె దగ్గర వాదంలో నేను గెలిచిన రోజు నాకు గుర్తులేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నాకు రెండు పేర్లున్నాయి. గుడిలో పెట్టింది ఒకటి, బడిలో రాసింది ఒకటి. మా పల్లెలో నా ఈడువాళ్లందరికీ అంతే. ఇంటి ముందు ఏలియా, హాజరుపట్టీలో వెంకటేశు అన్నట్టు. బడిలో చేర్చేటప్పుడు మా నాయన, తెలిసినవాళ్లు చెప్పినట్టు, మతం అన్నచోట హిందూ అని చెప్పాడు. దానికి కారణం 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో మూడో పేరా ప్రకారం హిందువులు తప్ప వేరే మతం వాళ్లను షెడ్యూల్డు కులాలవాళ్లుగా లెక్కించరు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లిములను కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బి.సి.-సి గ్రూపు. వాళ్ల వాటా ఒక శాతం.

కూటి కోసం మతం మారారు అని మమ్మల్ని ఇప్పటికీ అంటారు. ఆ మాట అనేవాళ్లకు 1878 సంగతి చెప్పాలి. 1876-78 కరువులో మా ముత్తాతల తరం బకింగ్‌హాం కాలవ తవ్వి బతికింది. అందులో కొంత మేర తవ్వకం ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వస్తే, కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ తర్వాతే 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. కూడు కోసమైతే కరువు తీరాక ఎందుకొస్తారు? మనిషినని అనిపించుకోవటానికి వచ్చారు. అదే నది మా ఊరి పక్కన పారుతుంది. ఎండాకాలం ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ ఇసుకలో చెలమ తవ్వుతూ మాయమ్మ అనేది: "పైన కనపడకపోతే నీళ్లు లేనట్టా?"

కనపడకుండా ఉండటం మాకు ఆ తర్వాత బాగా అలవాటయింది.

2016లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. చేరిన నాలుగు నెలలకు నా మీద ఆకాశరామన్న ఉత్తరం పోయింది. మా పల్లె సంగతులు బాగా తెలిసినవాళ్లే రాశారు. మూడు రుజువులు చూపించారు. ఒకటి, ఇంట్లో గోడ మీద ఏసయ్య పటం. రెండు, గుడి రిజిస్టరులో పేరు. మూడు, మా నాయన సమాధి మీద సిమెంటు సిలువ. విచారణకు వస్తారని కబురు తెలిసింది. ఆ రాత్రి మాయమ్మే పటం తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. పాతికేళ్లు వేలాడిన పటం. తీసిన చోట గోడ మీద సున్నం తెల్లగా నలుపలకలుగా మిగిలింది. దాని మీద చేట తగిలించింది.

తర్వాత ఇద్దరం సమాధుల దొడ్డికి పోయాం. సెల్‌ఫోను లైటు మాయమ్మ పట్టుకుంది. పలుగు నా చేతిలో ఉంది. సిలువ మొత్తం తీసేస్తే సమాధి పగులుతుంది, అడ్డచెయ్యి వరకు కొట్టు అంది. కొట్టాను. నాలుగైదు దెబ్బలకు రెండు పక్కలా విరిగి పడింది. నిలువు కంబం మిగిలింది. చూస్తే సరిహద్దు రాయి లాగుంది. విరిగిన ముక్కలు మాయమ్మ ఒళ్లో కట్టుకుని ఇంటికి తెచ్చింది. ఎక్కడ దాచిందో నేనడగలేదు.

రెండు రోజులకు విచారణకు ఒకాయన వచ్చాడు. మంచాన కూర్చోబెట్టాం. మంచినీళ్లిస్తే వద్దన్నాడు. "మీరు చర్చికి పోతారా?" అని మాయమ్మనడిగాడు. "లేదయ్యా." "బాప్తిస్మం తీసుకున్నారా?" "లేదయ్యా." "మరి మీ ఇంటాయన సమాధి మీద సిలువ ఉందంటున్నారు?" "లేదయ్యా, పోయి చూసుకోండి." మధ్యాహ్నం ఎండ. కోడి ఏదీ కూయలేదు. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. పల్లె మొదట్లో గుడి దాటుకునే వచ్చాడు, దాటుకునే పోయాడు. ఆయనకు తెలియక కాదు. ఆయనకు కావలసింది కాగితం, మేమిచ్చింది కాగితం. ఉద్యోగం నిలిచింది.

మరునాడు తెల్లవారుజామున కోడి కూసింది. నేను మెలకువగానే ఉన్నాను. మాయమ్మ లేచి కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఏడుస్తున్నట్టు వెనక నుంచి తెలుస్తోంది. "ఏందమ్మా?" అని నేనడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. కాసేపటికి ఆమే అంది: "ఏసయ్య తన పేరు కొట్టేయించుకుని నీకిచ్చిన ఉద్దోగంరా ఇది. పిల్లలకు సరిగ్గా చెప్పు."

అప్పటినుంచి డిసెంబరు నెలలో మా పల్లె ఇళ్లన్నిటి మీదా స్టార్లు వెలిగేవి, మా ఇంటి మీద వెలగలేదు. మాయమ్మ పక్కింటి స్టారు కింద మంచం వేసుకుని పడుకునేది. "వెలుగు వాళ్లది వీళ్లదని ఉంటదా" అనేది. గుడికి మాత్రం మానలేదు. పెందలాడే వెళ్లి ఒక మూల కూర్చుని వచ్చేది.

2023 డిసెంబరు 4 రాత్రి ఆయాసం ఎక్కువై చనిపోయింది. బయట తుపాను. అయిదో తారీకున మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. చేలల్లో పొగాకు, మిరప అన్నీ నీళ్లలో ఉన్నాయి. కాగితం స్టార్లు తడిసి వాసాలకు పుల్లలే వేలాడుతున్నాయి. ఆరో తారీకున గుంట తీస్తుంటే తవ్విన కొద్దీ నీళ్లు ఊరాయి. పల్లె కుర్రాళ్లు బకెట్లతో తోడి పోశారు. తోడగా తోడగా ఇక లాభం లేదని, అడుగున రెండు గంపలు ఇసుక పోసి దించాం. గుండ్లకమ్మ ఇసుకే. పాస్టరయ్య చేత ప్రార్థన చేయించాం. ఫొటోలు తీయొద్దని నేనే అందరికీ చెప్పాను. తల్లి మట్టి చేసే చోట ఫొటోలు వద్దని చెబుతున్నప్పుడు నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులాగా వినపడింది.

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. ఆలోపు సమాధి కట్టించి సున్నం వేయించటం మా ఆనవాయితీ. కట్టించాను. పేరు రాయించలేదు, సిలువ పెట్టించలేదు. ఆ తెల్లవారుజామున దొడ్డంతా కొవ్వొత్తులు. మా నాయన మొండి కంబం, దాని పక్కన మాయమ్మ బోడి సమాధి. నా చెల్లెలు కొవ్వొత్తి వెలిగించి, "సిలవ ఎప్పుడన్నా పెట్టేది?" అంది. నేను సమాధానం చెప్పేలోపే తనే, "వద్దులే, మా పిల్లలకూ సర్టిఫికెట్లు కావాలిగా" అంది. మీకు ధైర్యం లేదు అని ఎవరన్నా మమ్మల్ని అనవచ్చు. అనేవాళ్లు ముందు ఆ మూడో పేరాను అనాలి.

ఆ పేరా ఇంకా అట్లాగే ఉంది. దీన్ని పరిశీలించటానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ను వేసింది, తర్వాత గడువు పెంచుకుంటూ పోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారానని చెప్పటం రాజ్యాంగాన్ని మోసం చేయటమే అంది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి వెళ్లినవాడు ఎస్సీ కాడు కాబట్టి అట్రాసిటీ చట్టం అతనికి వర్తించదంది. కోర్టులు ఉన్న చట్టాన్ని చదివాయి. నేను చట్టం తెలిసినవాణ్ణి కాదు. నాకు తెలిసింది ఒక్కటే. మమ్మల్ని కులం పేరుతో తిట్టేవాడు ముందు మీ మతమేంటని అడిగి తిట్టడు. మా నాయన సిలువ ఉన్న రోజుల్లోనూ మాకు టీ వేరే గ్లాసులోనే ఇచ్చారు. సిలువ విరగ్గొట్టిన తర్వాతా ఇల్లు అద్దెకు ఇవ్వలేదు. నేను పనిచేసే ఊళ్లో మూడిళ్లు అడిగాను. మూడు ఇళ్లవాళ్లూ ఇంటిపేరు అడిగారు. గుడికి పోతావా అని ఒక్కరూ అడగలేదు.

2024 వానలకు మాయమ్మ సమాధి తలాపున ఒక తుమ్మ మొక్క మొలిచింది. గొర్రెలు కాయలు తిని వేసిన గింజ అయ్యుంటుంది. పక్క సమాధివాళ్లు, "పీకెయ్యి సారూ, వేళ్లు పోతే సిమెంటు లేస్తది" అన్నారు. పీకుదామనే వంగాను. లేతముళ్లు. ఒకటి వేలికి దిగింది. పీకలేదు. నేను పెట్టలేని గుర్తు అది పెట్టింది అని అనుకోవాలని ఉంది. కానీ మాయమ్మ ఉంటే అట్లా అననిచ్చేది కాదు. "చెట్టు మీదికి నెట్టకురా, నువ్వు పెట్టాల్సింది నువ్వు పెట్టు" అనేది. అది ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది. పక్కవాళ్లకు ఇంకా సర్దిచెబుతూనే ఉన్నాను.

చివరగా ఒక సంగతి. పోయిన 2025 జూన్లో బడి తెరిచిన వారం. రాత్రి మంచి వాన పడింది. పిల్లలు ఆరుద్ర పురుగులు పట్టుకొచ్చారు. ఆ రోజు మా బడి ఊరి పల్లె నుంచి ఒకామె కొడుకుని ఒకటో తరగతిలో చేర్చటానికి తీసుకొచ్చింది. మిరప కోతల చేతులు. చూడగానే తెలుస్తాయి. "నీ పేరేంట్రా?" అన్నాను. వాడు గట్టిగా, సంతోషంగా గుడి పేరు చెప్పాడు. తల్లి వెంటనే వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "కాదు సారూ, ఇంట్లో అట్లా పిలుస్తాం" అని ఇంకో పేరు చెప్పింది. వాడు తల్లి వైపు చూశాడు. తను చెప్పింది తప్పేంటో వాడికి అర్థం కాలేదు. రిజిస్టరులో మతం గడి దగ్గర నా కలం ఆగింది. "ఏం రాయమంటారు సారూ, మీరే చెప్పండి" అంది ఆమె. ఆ మాట ముప్పై ఏళ్ల కిందట మా నాయన ఎవరినో అడిగి ఉంటాడు.

సిలువ మీద పలక రాయించిన పిలాతు గుర్తొచ్చాడు. ఆయన చేతిలోనూ అధికారం ఉంది, నా చేతిలోనూ ఉంది. పిల్లవాడి పదో తరగతి, ఇంటరు, స్కాలర్‌షిప్పు, ఏదో ఒకనాటికి ఉద్యోగం, అన్నీ ఆ గడిలో ఉన్నాయి. హిందూ అని రాశాను. సిరా ఆరేదాకా ఆ పేజీ తిప్పలేదు. తర్వాత వాణ్ణి దగ్గరికి పిలిచి, తల్లికి మాత్రమే వినపడేటట్టు వాడి గుడి పేరుతో పిలిచి, "బాగుంది పేరు. మర్చిపోకు" అన్నాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "మీరు కూడానా సారూ?" అంది మెల్లగా.

కాదు అనలేదు. అవును అని కూడా అనలేదు. తల ఊపాను.

ఇది నా నమ్మకం గురించి రాసిన వ్యాసమా అని మిత్రులు అడగవచ్చు. మాయమ్మంత నమ్మకం నాకు లేదు. ఆమె లాగా తెల్లారి లేచి ప్రార్థన చేయను. కానీ కంప చూసినా, తాలు చూసినా, చెలమ చూసినా ఆమె చెప్పిందే కనపడుతుంది. ఇన్నేళ్ల ఉద్యమ సాహిత్యం దాన్ని చెరపలేదు. అది ఉద్యమానికి అడ్డమని కూడా నాకు ఇప్పుడు అనిపించటం లేదు. సొంత పేరుతో నమ్మే హక్కు, సొంత కులం మీద జరిగిన అన్యాయానికి లెక్క అడిగే హక్కు, రెండూ ఒకే మనిషికి ఒకేసారి కావాలి. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోమనే పేరా పోవాలి. ఆ పని చేయవలసింది మనమే. వాన దానంతటదే వస్తుంది గానీ చేను పండదు.

ఈ రాసింది కింద నా పేరు లేదు. ఉండవలసింది. నేను అద్దెకుంటున్న ఇంటి వెనక ఎవరిదో కోడి ఉంది. రోజూ నాలుగున్నరకు కూస్తుంది. లేచి కూర్చుంటాను.